పొరుగులను చంపరాదు

మా రోశయ్య బావ రిటైరయ్యేదాకా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పాడు. రిటైరయ్యాక పర్చూరు పక్కన రెండెకరాల మిరప వేసుకున్నాడు గానీ పాఠం మాత్రం మానలేదు. పప్పు కడుగుతుంటే పాఠం, బట్టలు ఆరేస్తుంటే పాఠం. మరదల్ని కాబట్టి నేను ఎదురు చెప్పేదాన్ని. మా వెంకటరావమ్మక్కకి ఆ ఓపిక లేదు.

ఆయన పాఠాలన్నీ తిరిగి తిరిగి ఒక్క ప్రశ్న దగ్గరికే వచ్చేవి. ఒకచోట కలిసి బతికే మొక్కలూ పురుగులూ పిట్టలూ ఒక ఊరా, ఒక సంతా? వందేళ్ల కిందట అమెరికాలో పెద్ద శాస్త్రజ్ఞులు దీని మీదే కొట్టుకున్నారట. అడవంటే ఒక్క శరీరం, పుడుతుంది, ఎదుగుతుంది, చెట్లన్నీ దాని అవయవాలు అన్నాడట ఒకాయన. అదేం కాదు, ఏ విత్తనం దారిన అది వచ్చింది, నేల నచ్చితే ఉంది, నచ్చకపోతే పోయింది అన్నాడట ఇంకొకాయన. ఆ రెండో ఆయన మాట చాలా ఏళ్లు ఎవరూ చెవిన పెట్టలేదట. బావది మొదటి పక్షం.

"ఊరేనే పిచ్చిమొహమా! సాలీడు పోతే మిరప పోతుంది, మిరప పోతే మనం పోతాం" అనేవాడు.

సంత పక్షం పీరు మాస్టారిది. అదే కాలేజీలో జంతుశాస్త్రం చెప్పాడు. ఆయన పొలం బావ పొలానికి గట్టు అవతలే. రోజూ సాయంత్రం మా అక్క చేతి టీ తాగుతూ ఇద్దరూ గొంతులు చించుకునేవాళ్లు.

నల్ల తామర పురుగు ఎక్కడి నుంచో వచ్చి మా మిరప పూతను నాకేసిన ఏడాది చిక్కొచ్చిపడింది. పీరు మాస్టారు టీ ఊదుకుంటూ, "అంతా ఒక ఊరంటావు కదయ్యా రోశయ్యా, మరి ఈ నల్ల పురుగు మీ ఊళ్లో ఎవరి అల్లుడు?" అన్నాడు. మేం పడీపడీ నవ్వాం. బావ నవ్వలేదు. పంట పోయినవాడి మీద పరాచికాలా అని లేచి లోపలికి పోయాడు. పీరు మాస్టారికీ పౌరుషమే, మర్నాటి నుంచి రావడం మానేశాడు.

దాంతో పాఠాలు ఆగిపోయాయి. నిజం చెప్పొద్దూ, ఆ పాఠాలంటే నాకు తలనొప్పి. కానీ అవి ఆగేసరికి ఇల్లు బావురుమంది. అక్క పీరు మాస్టారి గ్లాసు కడిగి అలమరలో బోర్లించింది.

"నవ్వడమే మర్చిపోయాడే మీ బావ. ఇలాగే ముడుచుకుపోతాడేమో" అని నా దగ్గర కళ్లొత్తుకుంది.

మరుసటి ఏడాది బావ గట్టు పొడుగునా బంతి, జొన్న వేశాడు. చీడను తినే సాలీళ్లూ అక్షింతల పురుగులూ అక్కడ చేరాలని ఆశ. కూలికొచ్చినవాళ్లేమో కనపడినదాన్నల్లా చెప్పుతో కొట్టేవాళ్లు. అందుకని పెయింటర్ బాబ్జీకి ఫోన్ చేసి, ట్రాక్టర్ మోతలో అరిచి మరీ బోర్డు చెప్పాడు: ఈ గట్టు మీద పురుగులను చంపరాదు.

బాబ్జీ రాసి తెచ్చి పాతిపోయాడు. ఎర్రటి అక్షరాలు, అరమైలు అవతలికి కనపడతాయి: "ఈ గట్టు మీద పొరుగులను చంపరాదు."

ఊరు ఊరంతా నవ్వింది. బావ గునపం పట్టుకుని దాన్ని పీకెయ్యడానికి పరుగెత్తాడు, వెనకాలే అక్కా నేనూ. తీరా చూస్తే బోర్డు కింద చేతులు కట్టుకుని పీరు మాస్టారు!

"పీకకయ్యా. ఇన్నాళ్లూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని నీళ్లు కట్టుకుంటున్నా. ఇప్పటికి అభయమిచ్చావు" అన్నాడు.

బావ మీసం కదిలింది. గునపం కింద పెట్టాడు.

"అల్లుడి సంగతి అడిగావుగా! ఇల్లరికం వచ్చాడయ్యా. ఎవరూ పిలవలేదు, ఇక పొమ్మన్నా పోడు!"

పీరు మాస్టారు గట్టు మీద కూలబడి మరీ నవ్వాడు. ఆయన్ని చూసి బావ, బావని చూసి అక్క. నాకైతే సంతోషంతో ఏడుపే వచ్చింది.

ఆ సాయంత్రం బోర్లించిన గ్లాసు కిందికి దిగింది.

"పంచదార తక్కువైందమ్మా" అన్నాడు పీరు మాస్టారు.

"ఎవరి పంచదార వాళ్లే తెచ్చుకోవాలి. సంతయ్యా ఇది!" అన్నాడు బావ.

"కాదు, ఊరు! ఊళ్లో పొరుగువాడికి అడక్కుండానే వెయ్యాలి!"

అనేసి ఇద్దరూ గతుక్కుమని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అక్క పంచదార డబ్బా తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టింది.