మిల్డ్రెడ్‌ని అడిగిన ప్రశ్న

ఈ ఉదయం తడిసిన ఉన్ని చేతితొడుగులు హీటర్ మీద ఆరేశాను. కాసేపటికే నార్త్ యార్క్‌లోని ఈ చిన్న ఫ్లాటంతా తడి ఉన్ని వాసన అలుముకుంది. ఇంతకుముందు నేనున్న హాలిఫాక్స్‌లో కరుణ ఆంటీ వంటిల్లు గుర్తొచ్చింది. అక్కడ కూడా హీటర్ మీద ఎప్పుడూ ఏదో ఒక స్వెట్టర్ ఆరుతూ ఉండేది. దాని పక్క కుర్చీలో కూర్చుని ఆంటీ నాకు నవల చెప్పేవారు.

నేను చదువుకోవడానికి ఈ చలిదేశం వచ్చిన ఏడాది హాలిఫాక్స్‌లో ఏ బస్సెక్కినా మన పిల్లలే. గది దొరకడం గగనమైపోయింది. బాపట్ల నుంచి ఎప్పుడో నర్సుగా వచ్చి అక్కడే రిటైరైన కరుణ ఆంటీ నాకూ మరో ఇద్దరమ్మాయిలకూ బేస్‌మెంట్ అద్దెకిచ్చారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. నాకు తెలుగు టైపింగ్ వచ్చని తెలియగానే పైకి పిలిచి టీ ఇచ్చి మరీ పనిలో పెట్టారు. ఆవిడకు కంప్యూటర్ వాడటం రాదు కనుక ఆవిడ చెబుతుంటే నేను టైప్ చేయాలి. నర్సుల కథేమో అనుకున్నాను. కాదట. వెయ్యేళ్ల కిందట నార్మన్లు సముద్రం దాటి వచ్చి ఇంగ్లండును గెలుచుకున్నప్పుడు అక్కడి జమీందారీ ఇళ్లల్లో ఆడవాళ్ల కథ.

"ఇదంతా మనకెందుకు ఆంటీ?" అన్నాను.

"మా అమ్మమ్మ పేరు మిల్డ్రెడ్. మిషన్ దొరసాని పెట్టిందంట. అసలా పేరు ఎవరిదా అని లైబ్రరీలో వెతికితే వీళ్లు దొరికారు. యుద్ధం గురించి అందరూ రాశారే. మొగుడు యుద్ధంలో పోయాడని కబురొచ్చిన పూట ఆ ఇల్లాలు పొయ్యి వెలిగించిందో లేదో ఒక్కడూ రాయలా."

అలా వాళ్ల అమ్మమ్మ పేరే కథానాయికకు వచ్చింది. పేరుతో ఆగలేదు. ఇల్లు ఆక్రమించుకోవడానికి నార్మన్ సైనికులు వచ్చే ఘట్టంలో మిల్డ్రెడ్ తల మీద కొంగు కప్పుకుని, చెంబుతో నీళ్లు తెచ్చి, కాళ్లు కడుక్కోమంది. నేను టైప్ చేయడం ఆపి పడీ పడీ నవ్వాను. "ఆంటీ, వాళ్లకి చీరలెక్కడివి?"

ఆంటీ కూడా కళ్లనీళ్లొచ్చేలా నవ్వారు. "కొంగు తీసేసి ముసుగని పెట్టు. నీళ్లు మాత్రం ఉంచు. గుమ్మంలోకి వచ్చినోడు శత్రువైతే మటుకు నీళ్లివ్వకుండా ఎట్టా ఉంటదీ, మా అమ్మమ్మ?"

నా సంగతి ఆవిడకు మెల్లగా తెలిసింది. ఊళ్లో మా బావతో నా పెళ్లి ఖాయం చేశారు. బావ మంచివాడే. నాకే ఇష్టం లేదు. ఆ మాట నాన్నతో చెప్పే ధైర్యం లేక చదువు వంక పెట్టుకుని వచ్చేశాను. ఒక కోర్సు అయిపోవస్తుంటే ఇంకో కోర్సుకు అప్లై చేసేదాన్ని. ఫోన్ చేసినప్పుడల్లా నాన్న ముహూర్తం మాటెత్తేవాడు. నేను పరీక్షల మాటెత్తేదాన్ని.

చలి ముదిరేసరికి నవల చివరికొచ్చింది. నార్మన్లు బలవంతంగా పెళ్లాడతారని భయపడి మిల్డ్రెడ్ కన్యాస్త్రీల మఠంలో చేరి ముసుగు వేసుకుంది. కొన్నేళ్లకు మతాధికారి మనుషులు వచ్చి, అలా చేరిన ఆడవాళ్లను విడివిడిగా అడుగుతారు: దేవుడి కోసం వచ్చావా, భయపడి వచ్చావా? భయపడి వచ్చినవాళ్లు వెళ్లిపోవచ్చు. ఇలా నిజంగానే జరిగిందట. అక్కడ ఆంటీకి మాట సాగలేదు. వారాలు గడిచాయి. కుర్చీలో కూర్చుని అల్లిక అల్లుతూ ఉండిపోయేవారు.

"ఏం చెబుతుంది ఆంటీ?" అని ఒకరోజు పట్టుబట్టాను.

ఆవిడ అల్లిక పక్కన పెట్టారు. "నేను సేవ కోసం వచ్చానని చర్చిలో అందరికీ చెప్పుకున్నా. భయపడే వచ్చా. అక్కడ నాకు చూసిన సంబంధం అట్టాంటిది. నన్నెవరూ అడగలేదు తల్లీ. అడిగితే చెప్పేసేదాన్నేమో." మళ్లీ అల్లిక అందుకుని, "నిన్ను అడిగే మనిషి ఉన్నాడు కదే. వారం వారం మీ నాన్న ఫోన్ చేస్తున్నాడు," అన్నారు.

ఆ వంటింట్లోంచే నాన్నకు ఫోన్ చేశాను. "నాన్నా, నేను చదువు కోసం రాలేదు. బావని చేసుకోవడం ఇష్టం లేదు. చెప్పడానికి భయమేసి వచ్చేశాను." "ఈ ముక్క చెప్పడానికి అంత దూరం పోవాలా అమ్మా?" అన్నాడు. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడుస్తుంటే ఆంటీ నా వీపు మీద చెయ్యి వేసి ఉంచారు.

తర్వాత ఆవిడ, "టైప్ చెయ్యి," అన్నారు. మిల్డ్రెడ్ తల మీది ముసుగు తీసి మడతపెట్టి, 'భయపడి వచ్చాను, ఇక వెళ్తాను' అని చెప్పి మఠం గేటు దాటింది.

"గేటు దాటి ఎటు వెళ్లింది ఆంటీ?"

"రేపు చెబుతాలే. ఇవాళ్టికి దాటింది, చాలు."

ఆ రేపు రాలేదు. తెల్లారి నేను పైకి వెళ్లేసరికి ఆంటీ నిద్రలోనే వెళ్లిపోయి ఉన్నారు.

ఆ ఫైలు ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పుడప్పుడు తెరిచి చివరి వాక్యం కింద ఖాళీని చూస్తూ కూర్చుంటాను. నేనే రాసేయొచ్చు. నాకు చెయ్యాడదు. మిల్డ్రెడ్ గేటు బయటే నిలబడి ఉంది. నేను మాత్రం హాలిఫాక్స్ వదిలి చాలా దూరం వచ్చేశాను, ఆంటీ. ఈసారి భయపడి కాదు. ఎటు వెళ్లావే అని మీరొక్కసారి అడిగితే బాగుండును.