బొంగరం పిన్ని బ్యాండ్ సా

మా పిన్నిని ఇంట్లో అందరం బొంగరం అంటాం. ముఖం మీదే అంటాం, ఆవిడేమీ అనుకోదు. అన్నం కూడా నిలబడే తింటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి వెళ్ళి ఏదో ఒకటి సర్దేస్తుంది. మా బాబాయి బస్సు కండక్టరు. డ్యూటీ దిగితే కుర్చీలోంచి కదలడు. వాళ్ళిద్దరికీ ఎలా కుదిరిందో మాకు ఇప్పటికీ అర్థం కాదు.

వాళ్ళ వాటా పక్కనే రెండు గదుల్లో పిన్ని వర్క్‌షాపు. కొట్లకి ఇనుప ర్యాకులు, ఆస్పత్రులకి ట్రాలీలు చేస్తుంది. కొలత దగ్గర్నుంచి రంగు దాకా అంతా తనే. గొట్టాలు కోయడానికి రాతి చక్రం తిరిగే మెషిన్ ఒకటి ఉండేది. దాన్ని ఆన్ చేస్తే రవ్వలు గోడదాకా ఎగిరేవి. వీధి చివర నడిచేవాళ్ళు కూడా చెవులు మూసుకునేవాళ్ళు. పిన్నికి మాత్రం అది చప్పుడులాగే అనిపించేది కాదు.

పై వాటాలోకి ఒక నర్సు అద్దెకి దిగింది. నైట్ డ్యూటీ. దిగిన మూడోవారం, ఒక మధ్యాహ్నం కిందికొచ్చి వర్క్‌షాపు గుమ్మంలో కూలబడింది. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. పోట్లాటకే వచ్చిందనుకుని పిన్ని మాటలు సిద్ధం చేసుకుంది.

"అక్కా, రాత్రి ఒకాయనకి ఇవ్వాల్సిన మందు పక్క మంచం ఆయనకి ఇవ్వబోయాను. ఆయనే చూసి ఆపాడు. ఈ మోతకి నాకు పగలు నిద్ర లేదక్కా."

సిద్ధం చేసుకున్న మాటలన్నీ పక్కన పెట్టేసి, మధ్యాహ్నం మూడు దాటేదాకా ఆ మెషిన్ ముట్టనని మాటిచ్చేసింది పిన్ని.

మాటివ్వడం తేలికే. పొద్దున్నంతా చేతి రంపంతో కోయడం మొదలుపెట్టింది. పదిరోజులకి కుడిభుజం పైకి లేవడం మానేసింది. ఆర్డర్లు వెనకపడ్డాయి. చేతిలో పని సాగక ఇంట్లో గిన్నెల మీద, తలుపుల మీద విసుగు చూపించేది. "తలుపేం చేసిందే నిన్ను?" అనేవాడు బాబాయి.

అప్పుడే ఎవరో చెప్పారు, పట్టీలా చుట్టూ తిరిగే బ్లేడుతో ఇనుము కోసే బ్యాండ్ సా అని ఒకటుందనీ, దానికి పెద్దగా చప్పుడుండదనీ. బాబాయికి సెలవు దొరికిన రోజున ఇద్దరూ బయల్దేరారు. పిన్ని సంచిలో తను రోజూ కోసే గొట్టం ముక్కలు నాలుగు, కోత తిన్నగా ఉందో లేదో చూసే మూలమట్టం ఒకటి పెట్టుకుంది.

మొదటి కొట్లో మెషిన్ మహరాజులా ఉంది. ధర విని ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పైగా అది వర్క్‌షాపు గుమ్మంలో పట్టదు. రెండో కొట్లోది చిన్నది, కొత్తది, వాళ్ళకి అందుబాటులోది. కొట్టాయన ఒక గొట్టం కోసి చూపించాడు. పిన్ని మూలమట్టం ఆనించి వెలుతురులోకి ఎత్తింది. సందులోంచి వెలుగు సన్నగా కనిపించింది.

"ఆ కాస్త కంటికి ఆనదు లెండమ్మా," అన్నాడాయన.

"కళ్ళకి కాదండీ, ర్యాకు కాళ్ళకి తెలుస్తుంది. కుంటుతుంది," అని పిన్ని బయటికి నడిచింది.

మూడోది పాత మెషిన్. లేతు పని మానేస్తున్న ఒక పెద్దాయన అమ్మకానికి పెట్టాడు. నున్నగా, తిన్నగా కోసింది. ధర కూడా కొత్తదాని కంటే తక్కువే. పిన్ని పర్సు తెరిచేసింది.

"దీనికి ఎంత పొడుగు బ్లేడు పడుతుంది? బయట దొరుకుతుందా?" అన్నాడు బాబాయి తాపీగా.

పెద్దాయన తల గోక్కున్నాడు. "దొరకదు బాబూ. ఈ కొలత ఇప్పుడు రావట్లేదు. బ్లేడు పట్టీ చుట్టగా కొనుక్కుని, ముక్క కోసి నేనే చివర్లు అతికించుకునేవాణ్ణి. ఆ అతికే సామాను మొన్ననే ఇచ్చేశాను."

పిన్ని మొహం మాడిపోయింది. కోపమంతా బాబాయి మీదికే వచ్చింది. "కొత్తది వంకరగా కోసింది, దీనికేమో బ్లేడే దొరకదు. రేపట్నుంచి మీరు కొయ్యండి ఆ గొట్టాలు!" అంది.

పెద్దాయన నొచ్చుకున్నాడు. "కొత్తది వంకరగా కోసిందన్నావు కదమ్మా. వంకర మెషిన్‌లో ఉందా, బిగింపులో ఉందా?" అని తన మెషిన్ మూత తీశాడు. బ్లేడుకి రెండు పక్కలా ఆనుకుని ఉన్న చిన్న బేరింగులు చూపించాడు. అవి వదులైతే బ్లేడు పక్కకి జారుతుంది. వాటిని ఎలా జరపాలో పిన్ని చేతే రెండుసార్లు చేయించాడు. పలచటి గొట్టాలకి సన్న పళ్ళ బ్లేడే వేయాలనీ, లేకపోతే పళ్ళు రాలిపోతాయనీ చెప్పాడు.

మర్నాటిదాకా ఆగడం పిన్ని వల్ల కాలేదు. అట్నుంచటే రెండో కొట్టుకి పరుగు.

"స్పానర్ ఇవ్వండి. ఈ బేరింగులు సర్ది చూస్తాను. తిన్నగా కోస్తే తీసుకుంటాను, లేకపోతే ఎలా ఉందో అలాగే బిగించి వెళ్ళిపోతాను."

కొట్టాయన ఎగాదిగా చూసి ఇచ్చాడు. మొదటి ముక్క అలాగే వంకర. రెండోది ఇంకా వంకర. కొట్టాయన నవ్వు దాచుకోలేదు. పిన్ని చెమట తుడుచుకుని మళ్ళీ స్పానర్ పట్టింది. మూడోది కాస్త నయం. నాలుగో ముక్కకి మూలమట్టం ఆనిస్తే వెలుగు రాలేదు. బాబాయి కూడా వంగి చూసి "ఊఁ" అన్నాడు. ఆయన అంతకన్నా ఎక్కువ మెచ్చుకోడు.

మెషిన్ ఇంటికొచ్చింది. మొదటి వారమే పిన్ని ఒక బ్లేడు పాడుచేసింది. అది తన బరువుతో తాను దిగుతూ కోయాలి. ఈవిడ ఆగలేక పైనుంచి నొక్కింది, పళ్ళు రాలాయి. కొత్త బ్లేడు వేశాక కోత సాగినంతసేపూ చేతులు కట్టుకుని చుట్టూ తిరిగేది. తర్వాత ఆ రెండు నిమిషాల్లో అంతకుముందు కోసిన ముక్కల అంచులు ఆకురాయితో రుద్దడం మొదలుపెట్టింది. ఆర్డర్లు మళ్ళీ దారిన పడ్డాయి.

రెండు నెలలకి నర్సు సంబరంగా కిందికొచ్చింది. "అక్కా, నాకు పగటి డ్యూటీ వేశారు. ఇంక నీ ఇష్టం, ఎంత చప్పుడైనా చేసుకో!"

పిన్ని పగలబడి నవ్వింది. "ఆ ముక్క ముందే చెప్పుంటే నా భుజమన్నా మిగిలేది కదే!"

మర్నాడు తొందర పని వచ్చి తన పాత రాతి చక్రం మెషిన్ ఆన్ చేసింది. సగం కోసి ఆపేసింది. చెవులు రెండూ గట్టిగా రుద్దుకుంది. ఇన్నేళ్ళూ దాని పక్కన ఎలా నిలబడ్డానా అనిపించిందిట. మిగతా సగం బ్యాండ్ సా మీద పెట్టి, అది కోసేలోపు రంగు డబ్బా మూత తీయడానికి వెళ్ళింది.