తెల్ల జీన్స్, మెరూన్ తువ్వాల

సూరత్‌లో చలికాలం వచ్చిందని ఎవరైనా చెప్పాలి, లేకపోతే తెలియదు. ఉధ్నాలో మా గల్లీకి ఆ సంగతి స్వెటర్లు చెబుతాయి. పొద్దున ఏడింటికి గాలి కాస్త తిరిగితే చాలు, నలుపు, ముదురు నీలం, కాఫీ రంగు స్వెటర్లు పెట్టెల్లోంచి బయటికొస్తాయి. పదింటికల్లా చెమటలు పడతాయి, అయినా ఎవరూ విప్పరు. పైన నలుపు, కింద నలుపు. బస్టాపులో నిలబడ్డవాళ్లంతా ఒకే బొగ్గుల బస్తాలోంచి రాలిపడ్డట్టుంటారు. నేనూ అందులో ఒకదాన్నే. ముప్పై ఒకటో ఏడు వచ్చేదాకా నాకు ఒక్క తెల్ల బట్ట కూడా లేదు.

దానికి మొదటి కారణం మా అమ్మ. మా బాపు కరీంనగర్ వైపు పల్లె నుంచి వచ్చి, ముప్పై ఏళ్లు ఇక్కడి సాంచాల మీద పనిచేశాడు. సాంచా అంటే మరమగ్గం. గుడ్డ నేసినంతసేపూ నూనె చిమ్ముతూనే ఉంటుంది. ఆ నూనె మరకలు ఉతికి ఉతికి అమ్మకు తెలుపంటే పగ పుట్టింది. బడి యూనిఫాం తప్ప నాకు చిన్నప్పుడు లేత రంగు కొన్నది లేదు. రెండో కారణం నా ఉద్యోగం. ఖటోదరాలో ఒక డైయింగ్ మిల్లు ల్యాబ్‌లో పనిచేస్తాను. బేరగాళ్లు ఒక గుడ్డ ముక్క పంపితే, అచ్చం అదే రంగు రావడానికి ఏ రంగు ఎంత కలపాలో తేల్చడం నా పని. దీపాల పెట్టెలో రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసేటప్పుడు మన బట్టల రంగు వాటి మీద పడకూడదని మాకు బూడిద రంగు ఏప్రన్లు ఇస్తారు. పగలంతా రంగుల్లో ఉండి, బూడిదలో పొర్లిన దానిలా ఇంటికి రావడం. అలా తొమ్మిదేళ్లు.

కిందటేడు డిసెంబరులో మా డైయింగ్ మాస్టర్ నన్ను పిలిచి, వచ్చే వారం హోటల్లో బేరగాళ్లతో జరిగే మీటింగులో, కొత్త రంగుల ముక్కలు అతికించిన షేడ్ కార్డు నన్నే చూపించమన్నాడు. ఎప్పుడూ ఆయనే చూపించేవాడు. “రంగులు కలిపింది నువ్వు. వాళ్లడిగితే నేను నిన్నే అడగాలి. మధ్యలో నేనెందుకు?” అన్నాడు. ఆ ఆదివారమే వెళ్లి తెల్ల జీన్స్ కొన్నాను.

ఊరికే మోజుపడి కొన్నది కాదు. ముదురు పక్కన ముదురు పెడితే రెండూ చచ్చిపోతాయని నాకు తెలుసు. పక్కన లేతదొకటి పడితే అదే ముదురుకు ప్రాణం వస్తుంది. షేడ్ కార్డు మీద ముక్కలు మేం అలాగే అతికిస్తాం. నా దగ్గర ముదురాకుపచ్చ స్వెటర్ ఒకటుంది. దానికింద నల్ల ప్యాంటు వేస్తే నేను మెట్ల కింది చీకటిలా ఉంటాను. తెల్లది వేస్తే ఆ ఆకుపచ్చ ఆకుపచ్చలా కనిపిస్తుంది. ఇంత చిన్న విషయం ఇంట్లో వాళ్లకు చెప్పి ఒప్పించగలనని ఎందుకు అనుకున్నానో ఇప్పటికీ తెలియదు.

సంచిలోంచి తీయగానే అమ్మ చూసింది.

“గిదేంది?”

“జీన్స్ ప్యాంటు.”

“అది కనవడ్తనే ఉంది. తెల్లగెందుకున్నది?”

“తెల్లగున్నదనే కొన్న.”

“సలికాలం తెల్లది ఎవలేస్కుంటరే? ఎండకాలమంటే ఒక తీరు.”

“ఎండకాలం చెమటంటవ్. వానకాలం బురదంటవ్. మరి ఎప్పుడేస్కోవాలె?”

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “ఎన్నడద్దు” అంది.

మంచం మీద కూర్చున్న బాపు, మా మూతులు కదలడం చూసి, “ఏందట?” అన్నాడు. సాంచాల మోతలో ఆయన చెవులు ఎప్పుడో పోయాయి. చెవి మిషన్ పెట్టుకోమంటే, పొద్దంతా గుయ్యిమంటుందని డబ్బాలో పెట్టేశాడు. అందుకే మా ఇంట్లో గుసగుసలుండవు. అమ్మ గొంతెత్తి, “తెల్ల ప్యాంటట!” అంది.

“పిల్ల పెండ్లా?” బాపు లేచి నిలబడ్డాడు. తనకు వినపడదు కాబట్టి ఎవరికీ వినపడదనుకుని ఆయన అరిచినట్టే మాట్లాడతాడు. “ఎప్పుడు? ఎవలతోని?”

“పెండ్లి గాదు! ప్యాంటు!” నేను అరిచాను.

ఆలస్యమైపోయింది. మా పై పోర్షన్‌లో జగిత్యాల వైపు వాళ్లుంటారు. ఆ ఇంటి అత్త పిండి చేతులతోనే మెట్లు దిగి వచ్చింది. “మంచి మాట ఇన్న. పిలగాడు ఏం జేస్తడు?” అంది. నేను జీన్స్ ఎత్తి చూపించాను. ఆవిడ దాన్ని చూసి, నన్ను చూసి, “పెండ్లికి గిదా?” అంది. విషయం విడమరిచి చెప్పేసరికి వంట గదిలో పప్పు మాడింది. అది కూడా ఆ ప్యాంటు ఖాతాలోనే పడింది.

మీటింగు రోజు పొద్దున నేను ఆకుపచ్చ స్వెటర్, తెల్ల జీన్స్ వేసుకుని బయటికొచ్చేసరికి బాపు చెప్పులేసుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. భుజం మీద అమ్మ మొన్న కొన్న మెరూన్ తువ్వాల.

“ఏడికి?” అన్నాను.

“నీతోని మిల్లు దాంక వస్త.”

“ఎందుకు బాపూ? నేను రోజు పోతలేనా?”

“రోజు తెల్లది ఏస్కపోతవా?” అన్నాడు. “ఆటో సీట్లు ఎట్లుంటయో నీకు తెల్వది. ముప్పై ఏండ్లు గా సీట్ల మీదనే కూసున్న. నా లుంగి నూనె ఎందరి బట్టలకంటిందో దేవునికెరుక. గిప్పుడు ఇంకెవల నూనెనో నీకంటుకుంటది.”

నేను వద్దన్నకొద్దీ ఆయన గొంతు పెరిగింది. కిటికీలు తెరుచుకోవడం మొదలైంది. ఇంకేం చేస్తాను, రమ్మన్నాను.

ఆటో ఆగగానే బాపు ముందు తానెక్కి, సీటును వేలితో రుద్ది చూసి, ఆ వేలు వాసన చూశాడు. ఆటో అతనికి కోపం వచ్చింది. “చాచా, సీట్ ఏక్‌దమ్ సాఫ్ హై” అన్నాడు. బాపుకు వినపడలేదు. “హా హా, ఖటోదరా” అని, తువ్వాల నాలుగు మడతలు పెట్టి నా వైపు పరిచి, కూర్చోమని చేత్తో తట్టి చూపించాడు. కూర్చున్నాను. దారి పొడవునా ఆయన కాపలా ఆగలేదు. పక్కన బైకు మీద ఎవరో నోట్లో పాన్ మసాలాతో ఉమ్మడానికి తల తిప్పితే, బాపు చేయి అడ్డం పెట్టాడు. గుంత వస్తే “ఆయిస్తా!” అని అరిచాడు. నాకు మీటింగులో ఏం మాట్లాడాలో ఒకసారి మనసులో చెప్పుకుందామంటే ఒక్క ముక్క గుర్తు రానివ్వలేదు. సీటు కాస్త చల్లగా తగులుతున్నట్టనిపించింది గానీ, చలికాలం పొద్దున కదా అనుకున్నాను.

మిల్లు గేటు దగ్గర నేను దిగాను. నా వెనకే బాపు దిగాడు. దిగి, నా వెనక వైపు చూసి ఆగిపోయాడు.

“ఏమైంది?” అన్నాను.

“ఏం గాలే” అన్నాడు.

ఆ మాట మెల్లగా అన్నాడు. నా ఎరుకలో మా బాపు అంత మెల్లగా మాట్లాడింది అదే మొదటిసారి. చేయి వెనక్కి పెట్టి తడిమితే పచ్చిగా తగిలింది. కొత్త తువ్వాలను అమ్మ కిందటి సాయంత్రం మొదటిసారి ఉతికింది. రాత్రికి రాత్రి అది పూర్తిగా ఆరలేదు. చవక రంగు, గుడ్డకు గట్టిగా పట్టించని రంగు. తెల్ల జీన్స్ వెనక, సరిగ్గా నేను కూర్చున్న మేర, కొబ్బరి చిప్పంత మెరూన్ మరక.

ఆ మరక చూసి ఎవరైనా ఏమనుకుంటారో ఏ ఆడదానికీ చెప్పనక్కర్లేదు.

నేను అరిచాను. ఆయనకు వినపడాలంటే ఎలాగూ అరవాలి కాబట్టి ఇంకా గట్టిగా అరిచాను. “ఎవలు రమ్మన్నరు నిన్ను? ఎవలడిగిండ్రు తువ్వాల? ఒక్క దినం, ఒక్క దినం నా ఇష్టమున్నట్టు నన్ను పోనియ్యరా మీరు?” వాచ్‌మన్ లేచి నిలబడ్డాడు. టెంపోలోంచి తానులు దింపుతున్న వాళ్లు ఆగి చూశారు. బాపు ఆ తువ్వాలను చిన్నగా, ఇంకా చిన్నగా మడుస్తూ నిలబడ్డాడు.

ల్యాబ్‌లో నాతో పనిచేసే మరాఠీ అమ్మాయి గొడవ విని పరుగెత్తుకొచ్చి, తన చున్నీ నా నడుముకు కట్టి లోపలికి తీసుకెళ్లింది. మాస్టర్ కారు బయలుదేరడానికి గంట టైముంది. నేను జీన్స్ విప్పి, ఆమె చున్నీనే లుంగీలా చుట్టుకుని, పైన ఏప్రన్ వేసుకున్నాను. ఏడవడానికి టైము లేదు. రంగు తప్పొచ్చిన ముక్కల్లోంచి రంగు లాగేయడానికి మేం హైడ్రో అనే పొడి వాడతాం. వేడినీళ్లలో వేస్తే కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. మరక ఉన్నచోట ఒక్కటే ముంచితే అక్కడ వేరే మచ్చ పడుతుంది కాబట్టి ప్యాంటు మొత్తం బకెట్‌లో ముంచాల్సి వచ్చింది. ఒక కర్రతో తిప్పుతూ కూర్చున్నాను. మెరూన్ ముందు గులాబీ అయింది, తర్వాత పసుపు, తర్వాత ఏమీ లేదు. మూడుసార్లు జాడించి, నమూనా ముక్కలు ఆరబెట్టే యంత్రంలో పెట్టాం. మరాఠీ అమ్మాయి ఇస్త్రీ చేసింది.

బాపు వెళ్లిపోయాడనుకున్నాను. వెళ్లలేదు. వాచ్‌మన్ జాలిపడి ఆయన్ని ల్యాబ్ బయటి బెంచీ మీద కూర్చోబెట్టాడు. నేను జీన్స్ వేసుకుని బయటికి రాగానే, లేచి వెనక్కి తిరగమని సైగ చేశాడు. తిరిగాను. మరక లేదు. అయినా ఆయన మొహం చిట్లించి చూస్తూనే ఉన్నాడు.

“పసుపు కొడ్తంది” అన్నాడు.

“ఏం గొట్టదు. తెల్లగనే ఉన్నది.”

“పొద్దటి తెలుపు గాదు బిడ్డా గిది.”

తొమ్మిదేళ్లుగా రంగులు చూసి బతికే దాన్ని. నాకు ఒళ్లు మండింది. చేయి పట్టుకుని దీపాల పెట్టె దగ్గరికి లాక్కెళ్లి, మా తెల్ల నమూనా ముక్కను నా మోకాలి పక్కన పెట్టి దీపం వేశాను. ముక్క నీలంగా మెరిసింది. నా ప్యాంటు మీగడ రంగులో ఉంది. కొత్త తెల్ల బట్టకు మెరుపు కోసం ఒక మందు పూస్తారు. హైడ్రో నీళ్లలో మరకతో పాటు అదీ పోయింది. ఆ సంగతి నాకు తట్టాలి. తట్టింది ఆయనకు.

“నీకెట్ల తెలిసింది?” చెవి దగ్గర అరిచాను.

“నేను నేసిందంతా తెల్లదే గద” అన్నాడు. “రంగు మీరేస్తరు. రెండు లాట్ల నూలు ఒక్క తానుల వడ్డదంటె నడుమ పట్టీ లేస్తది. మేస్త్రి ఆ తాను మొఖం మీద కొడ్తుండె. తెల్లల ఎన్ని తెల్లలుంటయో గా దెబ్బలకే నేర్సుకున్న.” తర్వాత నా స్వెటర్ వైపు చూసి, “గిదే మంచిగున్నది. పొద్దుగాల మరీ గోడకు సున్నమేసినట్టుండె” అన్నాడు.

అప్పుడే వచ్చిన మాస్టర్, ఏం జరిగిందో తెలియకుండానే, “అరే, ఈ గ్రీన్ పక్కన ఈ క్రీమ్ బాగుందే” అన్నాడు. ఇద్దరిమీదా నాకు సమానంగా చిర్రెత్తింది. ఎందుకంటే వాళ్లు చెప్పింది నిజం.

కారు ఎక్కబోతూ ఆగి, “తప్పయింది బాపూ” అన్నాను.

“ఆఁ?”

“తప్పయిందన్న! గట్ల మొత్తుకోవద్దుండె!”

గేటు దగ్గరి వాళ్లు మళ్లీ చూశారు. బాపు నవ్వాడు. “మొత్తుకుంటె మంచిగైంది. శానా దినాలకు ఒక ముచ్చట మొత్తం ఇనవడ్డది” అన్నాడు.

హోటల్లో మాకు ఒక పొడవాటి బల్ల ఇచ్చారు. దాని మీద నేలదాకా వేలాడే నల్ల గుడ్డ కప్పారు. నేను ఆ బల్ల వెనకాల మూడు గంటలు నిలబడ్డాను. వచ్చిన వాళ్లకు నా నడుము కింద ఏముందో కనిపించే వీలే లేదు. నేను లుంగీ కట్టుకొచ్చినా ఎవరికీ తెలిసేది కాదు. షేడ్లలో రెండు నచ్చలేదన్నారు, మిగతావి తీసుకున్నారు. మాట్లాడింది నేనే, మాస్టర్ పక్కన కుర్చీలో కూర్చుని టీ తాగాడు. హైడ్రో వాసన మాత్రం మధ్యాహ్నం దాకా పోలేదు. ఒక పెద్దాయన ముక్కు ఎగబీల్చి, ఏసీ పాడైందేమో చూడమని హోటల్ వాళ్లకు చెప్పాడు.

ఆ తర్వాత ఆ జీన్స్‌ను మిల్లుకు మూడుసార్లు వేసుకెళ్లాను. నాలుగోసారి వేసుకుందామనేసరికి జనవరి సగంలోనే ఎండ మొదలైంది. మందపాటి బట్ట, కాళ్లు ఉడికిపోతున్నాయి. చలికాలం కోసం ఇంట్లో ఇంత యుద్ధం చేసి కొంటే, ఆ చలికాలమే నిలవలేదు.

పెట్టెలో పెట్టడానికి మడత పెడుతుంటే అమ్మ వచ్చి నా చేతిలోంచి లాక్కుంది. ఇంకేం అంటుందోనని చూశాను. కొత్త దిండు గలీబు ఒకటి తెచ్చి, అందులో ప్యాంటు దూర్చి, మూతి కట్టి, “రంగు బట్టలల్ల గలపకు” అంది.