గుర్తులా, గ్రీజు మరకలా?

సోమవారం నాకు డ్రైవింగ్ ఎల్‌ఎల్‌ఆర్ పరీక్ష. నేర్పేవాళ్లెవరూ లేరు. అందుకే నేను పనిచేసే సాలూరు లారీ షెడ్డులో ఫిల్టర్ల అట్టపెట్టెలు కత్తిరించి, రోడ్డు గుర్తుల కార్డులు నేనే చేసుకున్నాను. ముందు బొమ్మ, వెనక అర్థం.

ఈ రోజు టీ వేళ డ్రైవర్ అప్పన్న మావ ఒక్కోటీ చూపించి అర్థం అడిగాడు. ఒక్కటీ తప్పలేదు. అనుమానమొచ్చి, బొమ్మని అరచేత్తో మూసేసి అంచు మాత్రం చూపించాడు. అదీ చెప్పేశాను!

"ఒరే, బొమ్మ సూడకుండా ఎలా సెప్పేస్తన్నావు? నువ్వు నేర్సింది గుర్తులు కాదురా, నీ సేతి ఏళ్ల గ్రీజు మరకలు!"

ఒళ్లు మండింది. శుభ్రమైన అట్టల మీద అవే బొమ్మలు గీసి మళ్లీ అడగమన్నాను. సగం తప్పు చెప్పాను.

పరీక్షేమో కంప్యూటర్ మీద. దానికి నా మరకలుండవు. గీసిన బొమ్మని వదిలేసి, అంటిన మరకని ఎందుకు పట్టుకుంది ఈ బుర్ర? మీ బుర్రలూ ఇంతేనా? చెప్పండి. నేను చేతులు సబ్బుతో కడుక్కుని, కొత్త కార్డులు గీస్తున్నాను.