రెజిమెంటల్ బజార్ స్టూడియోలో సగం చీటీ

ఈ ప్రయాణానికి మూలం రెండేళ్ల కిందట నేను ఇక్కడే రాసిన చిన్న టపా. సికింద్రాబాద్‌లోని రెజిమెంటల్ బజార్‌లో ఒక పాత ఫోటో స్టూడియో ఉందనీ, హైదరాబాద్ సంస్థానం చివరి రోజుల్లో అక్కడ ఫోటో దిగి మళ్లీ తీసుకోవడానికి రానివాళ్ల గాజు ప్లేట్లు ఇంకా భద్రంగా ఉన్నాయనీ విని, బయటినుంచి చూసి రాసిన నాలుగు పేరాలవి. లోపలికి వెళ్లే ధైర్యం లేకపోయిందన్న సంగతి అప్పుడు దాచాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆ టపాను ఎవరో ఇంగ్లీషులో పెడితే చదివి, ఎక్కడో కరీబియన్ దీవుల్లో ఉన్న ట్రినిడాడ్ నుంచి మార్లీన్ అనే ఫోటోగ్రాఫర్ నాకు ఉత్తరం రాసింది. తను వస్తున్నాననీ, మాట సాయానికి తోడు రాగలనా అనీ అడిగింది. నాకు కావలసిందీ తోడే కాబట్టి వెంటనే సరేనన్నాను.

ఖమ్మంలో పొద్దున ఆరు దాటాక రైలెక్కితే పదిన్నరకల్లా సికింద్రాబాద్‌లో దిగాను. కూర్చునే బోగీలో టికెట్ వంద పైచిలుకు. నాలుగు రోజులు ముందుగా చేయించుకుంటే కిటికీ పక్కన దొరుకుతుంది. స్టేషన్ బయట ఆటో పట్టుకుని, నూట యాభై అన్నవాణ్ని నూట ఇరవైకి ఒప్పించి, కార్ఖానా ప్రాంతంలో మార్లీన్ దిగిన లాడ్జికి చేరాను. అరవై రెండేళ్ల మనిషి. నిండైన నల్లని మొహం, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, కుడి కనుబొమ్మను రెండుగా చీల్చిన పాత గాటు. లాడ్జి కింద హోటల్లో ఇడ్లీలు తింటూ తన కథ చెప్పింది.

వాళ్ల నాన్న చెప్పులు కుట్టేవాడట. పన్నెండో ఏట ఎవరో ఇచ్చిన డబ్బా కెమెరాతో మొదలుపెట్టి, ముప్పై అయిదేళ్లు పెళ్లిళ్లకూ పాస్‌పోర్టులకూ ఫోటోలు తీసింది. ఊళ్లో అందరి మొహాలూ తన చేతి మీదుగానే పోయాయి గానీ వాటిలో ఒక్కటీ తనది కాదంది. తనది అనుకునే పని ఆదివారాలు చేసేది. పెద్ద చెక్క కెమెరా మోసుకెళ్లి, మనుషులను పన్నెండు సెకన్లు కదలకుండా కూర్చోమనేది. పన్నెండు సెకన్లలో ఎవరైనా ఫోటో కోసం పెట్టుకున్న మొహంతో విసిగిపోతారనీ, అప్పుడు లోపలి మనిషి బయటికి చూస్తాడనీ ఆమె నమ్మకం. అక్కడి గ్యాలరీలవాళ్లు రెండుసార్లు ఆ ఫోటోలు చూసి, పాస్‌పోర్టుకు బాగా పనికొస్తాయని నవ్వి పంపేశారు. ఇన్నాళ్లకు వాళ్ల ఊళ్లో ఒక హాలువాళ్లు ప్రదర్శనకు నెల రోజులు ఇస్తామన్నారు. అందులో ఒక గోడ నిండా మన స్టూడియోలోని రానివాళ్ల మొహాలు పెట్టాలని ఆమె కోరిక. ఇది కాకపోతే ఇక కెమెరా అటక మీదికేనని చెప్పి టీ గ్లాసు దించింది. చెప్పిన తీరు చూస్తే ఉత్తుత్తి బెదిరింపులా లేదు.

కార్ఖానా నుంచి రెజిమెంటల్ బజార్‌కు ఆటోలో ఇరవై నిమిషాలు, నూరు రూపాయలు. స్టూడియో పేరు చెప్పగానే డ్రైవర్ అద్దంలోంచి మమ్మల్ని ఒకసారి చూశాడు. చిన్నప్పుడు వాళ్ల నానమ్మ ఆ దుకాణం ముందు నడవాల్సి వస్తే కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేదట. ఎందుకని అడిగాను.

"అద్దంల పెట్టిన ఫోటోలు అన్నీ ఒక్క తీర్గ చూస్తయి అక్కా. మనిషి మారినా చూపు మారది. మీరు సుత జెర చూడుండ్రి, నేను చెప్పుడెందుకు."

ఇలాంటివాటికి నవ్వి ఊరుకుంటాను మామూలుగా. ఆ రోజు నవ్వు రాలేదు.

స్టూడియో రెండు బట్టల దుకాణాల మధ్య సన్నటి మెట్ల పక్కన ఉంది. యజమాని జలాల్ చాచాకు ఎనభై దాటాయి. మెట్టుగూడలో కూతురింట్లో ఉంటూ, రోజూ పదకొండుకు వచ్చి తలుపు తీస్తాడు. గిరాకీ లేకపోయినా తీస్తాడు. కిటికీ అద్దం వెనక పది పన్నెండు ఫోటోలున్నాయి, అన్నీ ఎండకు వెలిసినవే. తీసుకోవడానికి రానివాళ్ల ఫోటోను ఎప్పటికైనా ఎవరైనా గుర్తుపట్టకపోతారా అని కిటికీలో పెట్టడం వాళ్ల నాన్న పెట్టిన ఆనవాయితీ. బట్టలు వెలిశాయి, చెంపలు వెలిశాయి. కళ్లు మాత్రం మిగిలాయి. డ్రైవర్ అబద్ధం చెప్పలేదు, అన్ని కళ్లూ ఒకే ఎత్తులో ఉన్నాయి.

అందులో దెయ్యమేమీ లేదని చాచా లోపలికి తీసుకెళ్లి చూపించాడు. కెమెరా మూడు కాళ్లకూ నేలలో మూడు గుంటలు. ఎదురుగా నేలకు బిగించిన మరస్టూలు, తిప్పితే లేస్తుంది, తిప్పితే దిగుతుంది. స్టూలు వెనక తల కదలకుండా ఆనించే ఇనుప ఆసరా. కెమెరా వెనక గాజు మీద ఒక అడ్డగీత. ఎవరు వచ్చినా, పిల్లలైనా పెద్దలైనా, కళ్లు ఆ గీత మీదికి వచ్చేదాకా వాళ్ల నాన్న స్టూలు తిప్పేవాడు. ఫకీరైనా జాగీర్దారైనా నా కెమెరా ముందు ఒకే ఎత్తు అనేవాడట. చాచా అయిదు ప్లేట్లు తీసి, దొంతరగా పట్టుకుని వెలుతురుకు పెట్టాడు. అయిదుగురి మొహాలూ కలిసి మసక అయిపోయాయి. వాటి మధ్య ఒక్క జత కళ్లు మా వైపు చూస్తున్నాయి. నేను చప్పున తల తిప్పుకున్నాను. మార్లీన్ మాత్రం చూస్తూ నిలబడింది.

అలాంటి ప్లేట్లు చెక్కపెట్టెల్లో నాలుగు వందలకు పైగా ఉన్నాయి. ప్రతిదానికీ ఊదారంగు పెన్సిల్‌తో అంకె వేసిన ఒక సగం చీటీ కట్టి ఉంది. ఫోటో దిగినవాళ్లకు చీటీ రెండుగా చింపి ఒక సగం ఇచ్చేవాళ్లు. రెండు సగాలూ కలిస్తేనే ఫోటో. పోలీస్ యాక్షన్‌కు ముందు, సరుకు దొరక్క, రజాకార్ల భయంతో, చాలామంది సరిహద్దు దాటిపోతూ ఇక్కడ ఫోటో దిగారు. భారత సైన్యం వచ్చాక రెండోవైపువాళ్లు భయపడి పోతూ దిగారు. మొదట పోయినవాళ్లు కూర్చున్న స్టూలు మీదే తర్వాత పోయినవాళ్లూ కూర్చున్నారు. మళ్లీ వస్తామన్నారు. ఆ మాట చెప్పేటప్పుడు చాచా ఎవరినీ తప్పుపట్టలేదు.

మార్లీన్ కోరిక నేను తెలుగులో చెప్పాను. ఆయన వద్దని తల అడ్డంగా ఊపి, నాతో అన్నాడు.

"చీటీ తెచ్చినోళ్లకే ఫోటో బిడ్డా, మా అబ్బా మాట గది. ఇంకొకటుంది. వీటిల మా అమ్మ ఉన్నదేమో అని నేను గిన్నేండ్ల సంది దేవులాడుతున్న."

వాళ్లమ్మ ఎన్నడూ ఫోటో దిగనన్న మనిషి. ఊరంతటినీ ఫోటో తీసిన ఇంట్లో ఆమె బొమ్మ ఒక్కటీ లేదు. చివరికి ఆకాశంలో విమానాల మోత వినబడిన పొద్దున, ఏమవుతుందో తెలియక ఒప్పుకుందట. భర్తే తీశాడు. తీసిన వెంటనే వీధిలో గోల లేచింది. చేతిలోని ప్లేటు ఎక్కడో పెట్టేసి, భార్యనూ ఆరేళ్ల జలాల్‌నూ వెంటబెట్టుకుని మెట్టుగూడలోని ఆమె పుట్టింటికి నడిపించుకుపోయాడు. రెండు నెలలకు ఆమె జ్వరంతో పోయింది. ఆయన చచ్చేదాకా ఈ పెట్టెల్లో వెతికాడు, తర్వాత కొడుకు వెతుకుతున్నాడు.

"అమ్మ మొహం నాకు యాదికి లేదు. చెయ్యి యాదుంది. తలుపుల పడి చిటికెన వేలు వంకరయింది. గా చేత్తోనే నా నెత్తి నిమిరేది."

మార్లీన్ ఇక ప్లేట్ల మాట ఎత్తలేదు. ఈ స్టూలు మీద తన ఫోటో ఒక్కటి తీస్తారా అని మాత్రం అడిగించింది. చాచా మొహం విప్పారింది, ఆయన నల్లగుడ్డలో తల దూర్చి ఏళ్లయింది. సమస్య ఒక్కటే, ఆ కెమెరాకు ప్లేటు కావాలి. ఆయన బీరువా పైనుంచి గుడ్డలో చుట్టిన అట్టపెట్టె దించాడు. మూత మీద ఉర్దూలో 'ఖాళీ' అని వాళ్ల నాన్న రాత. వాడని ప్లేట్లని అర్థం. ఆ పొద్దున వాడుతున్న పెట్టె అది, భార్య పోయాక దాన్ని ముట్టడానికి మనసొప్పక అలాగే పెట్టేశాడు. లోపల మూడు మిగిలాయి. ఇన్నేళ్లకు అవి మసకబారి ఉంటాయని మార్లీన్ అంది, అయినా ప్రయత్నిద్దామంది.

చీకటిగదిలో ప్లేటు ఎక్కించుకొచ్చాడు. మార్లీన్ స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. స్టూలు తిప్పితిప్పి కళ్లు గీత మీదికి తెచ్చి, తల వెనక ఆసరా ఆనించి, చేతిగడియారం ముల్లునే చూస్తూ పన్నెండు లెక్కపెట్టాడు. నేను కెమెరా పక్కనే నిలబడి ఆమెనే చూస్తున్నాను. ఆమె రెప్ప వేయలేదు. ఆయన చీటీ చింపి ఒక సగం ఆమె చేతిలో పెట్టాడు, రేపు నాలుగు గంటలకు రమ్మన్నాడు. ప్లేటు కడగడం చూస్తామంటే ముగ్గురం చీకటిగదిలోకి వెళ్లాం.

ఎర్రబల్బు కింద మందునీళ్ల తొట్టిలో చాలాసేపు ఏమీ లేదు. తర్వాత చేతులు తేలాయి. మొదట రెండు, వాటి పక్కన ఇంకో రెండు. నాలుగు చేతులు ఒకే ఒడిలో ఉన్నాయి. మార్లీన్ వేసుకున్నది చొక్కా, ప్లేటులో భుజం మీదుగా ఓణీ అంచు ఒకటి పైకి వస్తోంది. చాచా తొట్టి మీదికి వంగాడు. పైకి వచ్చిన చేతుల్లో ఒకదానికి చిటికెన వేలు వంకరగా ఉంది.

ఆ పొద్దున కంగారులో చాచా వాళ్ల నాన్న, తీసిన ప్లేటును మళ్లీ వాడని ప్లేట్ల పెట్టెలోనే పెట్టేశాడు. తండ్రీ కొడుకులు తీసిన ప్లేట్లన్నీ వెతికారు, 'ఖాళీ' అని రాసినదాన్ని మాత్రం ఎన్నడూ తెరవలేదు. మిగతా రెండింటినీ అప్పుడే కడిగి చూశాం, రెండూ నల్లగా మాడిపోయి ఉన్నాయి.

కడిగిన ప్లేటును నల్లగుడ్డ మీద పెట్టి, ఒక వాటంగా వంచి చూస్తే బొమ్మ ఫోటోలాగే సరిగ్గా కనిపిస్తుంది. కిటికీ దగ్గర అలా వంచి చూశాం. చేతులు నాలుగు, భుజాలు నాలుగు, మొహం ఒక్కటే. స్టూలూ ఆసరా గీతా కలిసి ఇద్దరి మొహాలనూ అంగుళం తేడా లేకుండా ఒకదాని మీద ఒకటి పెట్టేశాయి. కనుబొమ్మ మీద మార్లీన్ గాటు ఉంది, ముక్కుకు ముక్కుపుడక ఉంది. కళ్లు ఒక్క జతే. ఆ కళ్లు మా ముగ్గురినీ ఒకేసారి చూస్తున్నట్టున్నాయి. మార్లీన్ నా చెవిలో, ముప్పై అయిదేళ్లుగా తను తీయాలనుకున్నది ఈ ఫోటోనే అంది. ఆమె గొంతులో ఆశ నాకు స్పష్టంగా వినబడింది.

చాచా తలెత్తాడు.

"దొరికింది, మళ్ల పోయింది. నేనే నా చేతులార మీద ఇంకో మొహం పెట్టిన." కళ్లు తుడుచుకుని మళ్లీ అన్నాడు. "జెర అడుగు బిడ్డా. గీ కళ్లు ఎవరివి?"

నేను అడిగాను. మార్లీన్ ప్లేటు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. తర్వాత నాతో, ఆ పన్నెండు సెకన్లూ తను కళ్లు మూసుకునే ఉన్నానని చెప్పమంది.

నేను ఎదురుగా నిలబడ్డాను కదా, ఆ కళ్లు తెరిచే ఉన్నాయి. అయినా ఆమె చెప్పినట్టే చెప్పాను. తెలిసి తెలిసి అబద్ధాన్ని తెలుగులోకి మార్చడం నాకదే మొదలు. దానికి ఇప్పటికీ సిగ్గుపడటం లేదు. చాచా ప్లేటును మళ్లీ వంచి, ఆ కళ్లలోకి చూస్తూ, అమ్మా అని మెల్లగా పిలిచాడు. మేము వెళ్తుంటే మాత్రం నియమం మరవలేదు. చీటీ ఆమె దగ్గరే ఉంది కాబట్టి ఫోటో, ప్లేటు ఆమెవేనని, నాలుగింటికి తప్పక రమ్మని చెప్పాడు. ఆ మాట చెప్పడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో చూశాను.

ఆ రాత్రి నేనూ లాడ్జిలోనే ఉండిపోయాను. మర్నాడు మూడున్నరకు మార్లీన్ గది తలుపు తట్టాను. చెప్పులు వేసుకుని, సగం చీటీ చేతిలో పట్టుకుని మంచం అంచున కూర్చుని ఉంది. ఆటో పిలవనా అన్నాను. నాలుగయింది. రెజిమెంటల్ బజార్‌లో ఆయన తలుపు వైపు చూస్తూ కూర్చుని ఉంటాడని ఇద్దరికీ తెలుసు. నాలుగూ పదికి ఆమె చెప్పులు విడిచేసింది. "ఇక నేనూ రానివాళ్లలో ఒకదాన్ని," అంది. తర్వాత మొహం గోడవైపు తిప్పుకుని ఏడ్చింది.

మొన్న పనిమీద సికింద్రాబాద్ వెళ్లి స్టూడియో ముందు ఆగాను. కిటికీలో కొత్త ఫోటో ఉంది, నాలుగు చేతులు, ఒక్క మొహం. చాచా బయటికొచ్చి, ఆమె రాలేదా అని అడిగాడు. రాలేదన్నాను. రాదులే అని అద్దం తుడిచాడు, ఆయనకు అన్నీ తెలుసేమో. మార్లీన్ ప్రదర్శన వాళ్ల ఊరి మనుషుల ఫోటోలతో జరిగింది. ఒక్క గోడ ఖాళీగా వదిలేసిందట. ఎందుకని అడిగినవాళ్లకు, ఆ ఫోటో ఇంకా స్టూడియోలోనే ఉందని చెప్పిందట. ఆమె కళ్లు తెరిచి ఉండటం చూసినదాన్ని నేనొక్కదాన్నే. అయినా కిటికీ ముందు నిలబడి చూస్తే ఆ ఫోటోలో కళ్లు ఎవరివో నేనూ చెప్పలేకపోయాను. ఇంటికొచ్చేదాకా అవి నన్ను వెనకనుంచి చూస్తున్నట్టు అనిపించింది. ఈసారి మాత్రం తల తిప్పుకోవాలనిపించలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. స్టూడియో పదకొండు నుంచి అయిదు వరకు ఉంటుంది, శుక్రవారం మధ్యాహ్నం మూస్తారు, స్టేషన్ నుంచి నడిచే పోవచ్చు. బయలుదేరే ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ల పెట్టెలు ఒకసారి వెతకండి. ఊదారంగు పెన్సిల్ అంకెతో, అడ్డంగా చిరిగిన సగం చీటీ కనిపిస్తే వెంట తీసుకెళ్లండి. రెండో సగం అక్కడ ఉంది.