మనీప్లాంట్ సీసా

నిన్న ఫ్రెండ్ ఇంట్లో వైన్ గ్లాసు ముక్కు దగ్గరికి తీసుకోగానే సన్నజాజుల వాసన గుప్పుమంది. ఇక తాగబుద్ధి కాలేదు.

నా చిన్నప్పుడు అమెరికాలో మేముండే నోవై ఊరి నుంచి మరో తెలుగు కుటుంబంతో కలిసి ఒక ద్రాక్షతోటకి వెళ్లాం. తోటా, అక్కడ చేసే వైనూ ఒక ముసలి దంపతులవి. ఆ ముసలావిడ అమ్మకి చిన్న గ్లాసులో తెల్ల వైన్ పోసింది.

"సన్నజాజుల్లా ఉందే!" అని నాతో అని, అమ్మ ఒక గుక్క తాగి నవ్వింది. తనకోసం ఒక సీసా కొనుక్కుంది.

"అంకుల్ వాళ్ల ముందు ఏంటా పని?" అన్నారు నాన్న, కారెక్కాక.

ఆ తర్వాతి శనివారం మా ఇంటి బేస్‌మెంట్ పార్టీలో విస్కీ అయిపోతే నాన్నా, అంకుల్స్ ఆ సీసా తెరిచారు. "జ్యూస్‌లా ఉంది బాస్" అంటూనే ఖాళీ చేశారు. పైన కిచెన్‌లో అమ్మ వాళ్లకి పకోడీలు వేస్తోంది.

మర్నాడు ఖాళీ సీసా కడిగేముందు అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. కంపు కొడుతోందేమో చూస్తోందనుకున్నాను. తర్వాత అందులో నీళ్లు పోసి మనీప్లాంట్ పెట్టింది.

ఇంటికొచ్చిన వాళ్లకి ఆ మొక్కని నాన్నే చూపించేవారు. "అంతా మా ఆవిడ చేతి చలవ!"

సన్నజాజుల మాట అమ్మ మళ్లీ ఎత్తలేదు.