అప్పా అంటేనే తాళి

మాట తప్పుగా వాడితే రాజులమ్మకు ఒళ్ళు మండిపోయేది. ఉద్దానంలో ఆవిడ కొబ్బరితోట పక్కనుంచి పోతూ ఎవరైనా దాహమేసి "అమ్మా, ఓ కాయ కొట్టించు" అన్నారో, అయిపోయారే! "కాయతో పచ్చడి సేసుకుంతావా? తాగడానికైతే బొండం అను" అనేది. అనకపోతే ఎండలో నిలబడాల్సిందే.

వరసల దగ్గర మరీను. పిన్నిని పెద్దమ్మ అన్నవాళ్ళను అక్కడికక్కడే సరిదిద్దేది. ఆ పట్టింపు పంతంగా మారింది మాత్రం కూర్మనాథం వల్లే.

కూర్మనాథం టెక్కలిలో మోతుబరి. ఆవిడ పుట్టింటి వైపు నుంచి తమ్ముడు. ఆవిడను అప్పా అని, అంటే అక్కా అని పిలవాలి. కానీ అక్కతో సరసాలాడకూడదు కదా! అందుకని ఆవిడ మొగుడి వైపు నుంచి నాలుగిళ్ళు తిప్పి మరిది వరస లాక్కొచ్చి, నలుగురిలో "ఒదినా" అంటూ వెకిలి వేళాకోళాలాడేవాడు. "నాను నీకు అప్పనిరా" అని ఎన్నిసార్లు చెప్పినా పళ్ళికిలించేవాడు.

జర్మనీ యుద్ధం రోజుల్లో ఆవిడ మొగుడు ధర్మారావు జ్వరంతో పోయాడు. పదోనాడు గాజులు తీసి, బొట్టు చెరిపి, ఆవిడను మూల కూర్చోబెట్టారు. కూర్మనాథం వచ్చి అందరూ వినేలా, "మరిదిని నానుండగా నీకు దిగులేటి ఒదినా?" అన్నాడు. నవ్వారు జనం. ఛీ! రాజులమ్మ తలెత్తి చుట్టూ చూసింది. నవ్విన మొహాలన్నీ గుర్తుపెట్టుకుంది.

కూతురు చిన్నమ్మి పెరిగి పెద్దదై, మనసు పడక పడక ఆ కూర్మనాథం కొడుకు మీదే పడింది. "ఆడు ఆళ్ళయ్యలాటోడు కాదే అమ్మా" అని కాళ్ళావేళ్ళా పడింది. రాజులమ్మ మారుమాట లేకుండా ఒప్పేసుకుంది. కూర్మనాథం పొంగిపోయాడు, పిచ్చివాడు!

పెళ్ళినాడు ముహూర్తం దగ్గర పడింది. విధవ గనక పందిట్లోకి రాకూడని రాజులమ్మ, పెళ్ళికూతురితో సహా గదిలో దూరి గడియ వేసుకుంది. పిల్లను తెమ్మని పంతులు కేకలేస్తున్నాడు. కూర్మనాథం తలుపు బాదాడు.

"ఏటిది ఒదినా, ముహూర్తం దాటిపోతంది!"

"ఒదిన కూతురు నీ కొడుక్కి ఏటవుద్ది?" లోపలి నుంచి అడిగింది రాజులమ్మ. "సెల్లెలు కాదా? సెల్లెలికి తాళి కట్టిత్తావేటి?"

పందిట్లో జనం తలుపు దగ్గరికి చేరారు.

ఈ ముహూర్తం తప్పితే పెళ్ళి లేనట్టే. చిన్నమ్మి తల్లి చెయ్యి పట్టుకుంది. "ఊరుకోయే, ఆడంటాడు" అంది తల్లి నెమ్మదిగా.

"అప్పా..." గొణిగాడు కూర్మనాథం.

"ఇనబడనేదు."

"అప్పా!"

"పదోనాడు అన్నంత గట్టిగా అను."

"అప్పా! తప్పయిపోనాది, తలుపు తియ్యే అప్పా!"

పందిరి గొల్లుమంది. రాజులమ్మ గడియ తీసి గుమ్మం లోపలే నిలబడింది.

"నవ్వండి. నా గాజులు తీసిన్నాడూ మీరే నవ్వినారు."

నవ్వులు ఆగిపోయాయి. కూర్మనాథం తలెత్తలేదు.

"పోవే, నీ మొగుడు సూత్తన్నాడు" అని కూతురి వీపు మీద చెయ్యి వేసి పందిట్లోకి పంపింది. తాను మాత్రం గుమ్మం దాటలేదు.